చేరిందో లేదో మనమే చూసుకోవచ్చు

ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ఒకరు మరొకరికి మొట్టమొదటిసారి సొమ్ము పంపింది 2015 ఆగస్టు 7న. ఆ లావాదేవీ 46,147వ బ్లాకులో ఉంది. పంపింది 31,337 వెయ్. ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు పెడితే ఎంతో, అన్ని వెయ్‌లు కలిస్తే ఒక ఈథర్. అంటే పంపింది ఏమీ లేదన్నంత చిన్న మొత్తం. పంపినందుకు కట్టిన రుసుము మాత్రం 1.05 ఈథర్. పంపినవాళ్ల పేరు అందులో ఉండదు, అందుకున్నవాళ్ల పేరూ ఉండదు. రెండు చిరునామాలు ఉంటాయి, అంతే.

ఈ వివరాల కోసం నేను ఏ ఆఫీసుకూ అర్జీ పెట్టలేదు. ఎక్కడా లాగిన్ అవలేదు, రూపాయి కట్టలేదు. చోడవరంలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని, ఆ లావాదేవీ సంఖ్య ఇచ్చి అడిగితే క్షణంలో తెర మీదకు వచ్చాయి. ఆ సంఖ్య సున్నా, ఎక్స్ అని మొదలై, 5సి504ఇడి అంటూ మొత్తం 66 అక్షరాలు సాగుతుంది. దాన్ని హ్యాష్ అంటాం. ఆ ప్రశ్నను తీసుకెళ్లి అడిగి, జవాబు తెచ్చి, మనకు అర్థమయ్యేలా విప్పి పెట్టేది ఒక లైబ్రరీ. లైబ్రరీ అంటే ఇంకొకరు ముందే రాసి, పరీక్షించి, అందరి కోసం ఉంచిన ప్రోగ్రాము. ఉచితంగా తెచ్చుకుని మన వెబ్‌సైట్‌లో కలుపుకోవచ్చు. నా రోజు చాలావరకు ఇలాంటి లైబ్రరీలతోనే గడుస్తుంది.

నేను వెబ్ డెవలపర్‌ని. డిగ్రీ ఇక్కడే చదివాను. కొన్నేళ్లు విశాఖలో ఉద్యోగం చేసి, కరోనా లాక్‌డౌన్ అప్పుడు ఇంటికొచ్చి ఉండిపోయాను. చోడవరం అంటే బయటివాళ్లకు స్వయంభూ వినాయకుడి గుడి గుర్తొస్తుంది, చుట్టుపక్కల రైతులకు గోవాడ చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. అందరం పుట్టి పెరిగింది విశాఖపట్నం జిల్లాలోనే అయినా 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. ఈ ఊళ్లో బ్లాక్‌చెయిన్ గురించి ఎవరికి అవసరం అని అడిగేవాళ్లున్నారు. అవసరం ఉంది. లోగోలు గీసి, వీడియోలు ఎడిట్ చేసి పరాయి దేశాల వాళ్ల దగ్గర టెథర్ అనే డాలర్ నాణెంలో కూలి తీసుకునే కుర్రాళ్లు మా వీధిలోనే ఉన్నారు. "పెట్టుబడి పెట్టండి, రెట్టింపు చేస్తాం" అన్న వాట్సాప్ గ్రూపుల్లో చిక్కుకున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఒకటే ప్రశ్న: డబ్బు నిజంగా వెళ్లిందా? నిజంగా వచ్చిందా?

మా నాన్న గోవాడకు చెరకు తోలేవారు. బండి కాటా ఎక్కి దిగాక చేతికో చీటీ వచ్చేది. తేదీ, నంబరు, బరువు. బిల్లు పడేదాకా ఆ చీటీలు దేవుడి పటం వెనక భద్రంగా ఉండేవి. లావాదేవీ హ్యాష్ కూడా అలాంటి చీటీయే. కాకపోతే కాటా చీటీ నంబరు పట్టుకుని లెక్క చూసుకోవాలంటే ఖాతా పుస్తకం ఎక్కడుందో అక్కడికే వెళ్లాలి. బ్లాకులనే పేజీలు గొలుసులా కలిసిన ఇథీరియం ఖాతా పుస్తకం ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. ఆ కంప్యూటర్లను నోడ్లు అంటారు. ఏ నోడ్‌ని అడిగినా అదే జవాబు రావాలి. పైగా ఆ 66 అక్షరాలు ఎవరో వరసగా వేసుకుంటూ పోయిన నంబరు కాదు. లావాదేవీలో ఉన్న సమాచారం మొత్తాన్ని ఒక గణిత సూత్రంలో వేస్తే వచ్చేది. మొత్తంలో ఒక్క అంకె మార్చినా హ్యాష్ పూర్తిగా వేరే వస్తుంది.

నోడ్‌ని అడగడానికి ఒక పద్ధతి ఉంది. ఫలానా హ్యాష్ ఉన్న లావాదేవీ ఇవ్వు అని నిర్ణీత రూపంలో ఒక సందేశం పంపాలి. జవాబు పదహారు అంకెల పద్ధతిలో, అంటే సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలూ, ఆ తర్వాత ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ కలిసిన రూపంలో వస్తుంది. మనిషి చదివేది కాదు. ఆ రావడం పోవడం, విప్పడం అంతా ప్రతి డెవలపరూ మళ్లీ మళ్లీ రాసుకోకుండా లైబ్రరీలు పుట్టాయి. ఇథీరియం ఫౌండేషన్ వైపు నుంచి వచ్చిన వెబ్3.జెఎస్ అన్నిటికంటే ముందుది. తర్వాత 2016లో రిచర్డ్ మూర్ అనే డెవలపర్ ఈథర్స్.జెఎస్ మొదలుపెట్టారు. చిన్నది, శుభ్రమైనది, పత్రాలు చక్కగా రాసినది. నాకు దాని మీద ఇప్పటికీ గౌరవం. 2023లో వియెమ్ వచ్చింది. ఇప్పుడు కొత్త పని ఏది మొదలుపెట్టినా నేను వియెమ్ తీసుకుంటున్నాను. అందరికీ దారి చూపిన వెబ్3.జెఎస్‌ని 2025 మార్చిలో ఆపేశారు. పాత కోడ్ అలాగే ఉంటుంది, కొత్తగా మరమ్మతులు రావు. యూట్యూబ్ పాఠాల్లో చాలావాటిలో ఇంకా అదే కనిపిస్తోంది కాబట్టి నేర్చుకునే పిల్లలు ముందు పాఠం తేదీ చూసుకోవడం మంచిది.

లైబ్రరీ వద్దు, చూడటమే కావాలి అనుకునేవాళ్లకు ఈథర్‌స్కాన్ లాంటి వెబ్‌సైట్లు ఉన్నాయి. అది 2015 నుంచీ నడుస్తోంది. పెట్టెలో హ్యాష్ పడేసి వెతికితే చాలు. కానీ మన దుకాణం వెబ్‌సైట్ తనంతట తాను సొమ్ము వచ్చిందని గుర్తించి సరుకు పంపాలంటే, లేదా నెలాఖరుకి లెక్కలు తీయాలంటే, లైబ్రరీ తప్పదు.

ఇక అసలు విషయం. లావాదేవీ గురించి అడగడానికి లైబ్రరీలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి గెట్ ట్రాన్సాక్షన్. రెండోది గెట్ ట్రాన్సాక్షన్ రిసీట్. చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ చెప్పేవి వేరు. మొదటిది ఏం చేయమని అడిగారో చెబుతుంది: ఎవరి నుంచి, ఎవరికి, ఎంత, ఎంత రుసుము కట్టడానికి సిద్ధపడ్డారు. రెండోది చివరికి ఏం జరిగిందో చెబుతుంది. బ్లాకులో చేరినంత మాత్రాన పని జరిగినట్టు కాదు. దారిలో విఫలమైన లావాదేవీ కూడా బ్లాకులో శాశ్వతంగా ఉంటుంది, రుసుము కూడా పోతుంది. సొమ్ము మాత్రం కదలదు. రిసీట్‌లో స్టేటస్ అనే గడి ఉంటుంది. అక్కడ ఒకటి ఉంటే జరిగింది, సున్నా ఉంటే జరగలేదు. ఈ గడి మొదట్లో లేదు. 2017 అక్టోబరులో బైజాంటియం అనే మార్పుతో వచ్చింది. అంతకు ముందు రోజుల్లో జరిగిందో లేదో పక్క ఆధారాలతో ఊహించాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్క అంకె చూస్తే చాలు. కానీ ఆ ఒక్క అంకె చూడకుండా, లావాదేవీ దొరికింది కాబట్టి సొమ్ము వచ్చినట్టేనని సరుకు పంపేసే కోడ్ ఎంత తేలిగ్గా రాసేయొచ్చో! ఈ పని నేర్పేటప్పుడు నేను అన్నిటికంటే ముందు పట్టుబట్టి చెప్పేది ఇదే.

మా వీధిలో యూట్యూబ్ వాళ్లకి బొమ్మలు చేసిపెట్టే తమ్ముడొకడున్నాడు. విదేశీ పార్టీ కూలి పంపానని స్క్రీన్‌షాట్ పెట్టింది. ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"ఏటక్కా, డబ్బులొచ్చీసినట్టా, రానట్టా?"

"ఆ ఫొటో ఏటి చేసుకుంటావురా? ఫొటో ఎవడైనా చెయ్యగలడు. హ్యాష్ పంపమను."

హ్యాష్ వచ్చింది. వాడే ముందు ఈథర్‌స్కాన్‌లో చూసి బిక్కమొహం వేశాడు. ఎందుకంటే ఎవరికి అన్నచోట వాడి చిరునామా లేదు, ఎంత అన్నచోట సున్నా ఈథర్ అని ఉంది. చాలామంది బెంబేలెత్తేది సరిగ్గా ఇక్కడే. ఈథర్ పంపితే అది ఈథర్‌గా కనిపిస్తుంది. టెథర్ ఈథర్ కాదు. అది ఇథీరియం మీద నడిచే ఒక కాంట్రాక్ట్, అంటే గొలుసు మీద ఉన్న చిన్న ప్రోగ్రాము. ఎవరి దగ్గర ఎన్ని టెథర్‌లున్నాయన్న పట్టిక ఆ ప్రోగ్రాము లోపల ఉంటుంది. టెథర్ పంపడమంటే ఆ ప్రోగ్రాముకి కబురు పెట్టడం: నా పేరున ఇన్ని తగ్గించి ఫలానావాళ్ల పేరున వెయ్యి. అందుకే లావాదేవీ వెళ్లింది ప్రోగ్రాము చిరునామాకి, వెంట వెళ్లిన ఈథర్ సున్నా.

అసలు సంగతి రిసీట్‌లో లాగ్స్ అనే చోట ఉంటుంది. ల్యాప్‌టాప్ తెరిచి వియెమ్‌తో రిసీట్ తెప్పించి వాడికి చూపించాను. స్టేటస్ ఒకటి. లాగ్స్‌లో ఒకే నమోదు, పేరు ట్రాన్స్‌ఫర్. దాని కింద పంపినవాళ్ల చిరునామా, తర్వాత వాడి చిరునామా, తర్వాత 150000000 అన్న అంకె. టెథర్‌కి దశాంశ స్థానాలు ఆరు కాబట్టి పది లక్షలతో భాగిస్తే 150 డాలర్లు. వాడి మొహం విప్పారింది గానీ నేను అక్కడితో వదల్లేదు. ఇంకో గడి చూడాలి: ఆ నమోదు రాసిన కాంట్రాక్ట్ చిరునామా. టెథర్‌కి వాడే యూఎస్‌డీటీ అన్న పేరుతో, అదే గుర్తుతో ఎవరైనా ఒక నకిలీ నాణెం తయారుచేసి పంపొచ్చు. పేరు అదే, అంకె అదే, ట్రాన్స్‌ఫర్ అదే. విలువ మాత్రం చిల్లిగవ్వ ఉండదు. ఇథీరియం మీద అసలు టెథర్ చిరునామా సున్నా ఎక్స్ తర్వాత డిఎసి17ఎఫ్ అని మొదలవుతుంది. మొదటి కొన్ని అక్షరాలు చూసి సరిపెట్టకుండా, టెథర్ సంస్థ ప్రకటించిన చిరునామాతో మొత్తం సరిచూశాం. సరిపోయింది.

మొత్తం సరిచూడమని ఎందుకంటున్నానంటే, మొదలూ చివరా మన చిరునామాలాగే ఉండేలా చిరునామాలు పుట్టించే మోసగాళ్లున్నారు. మీ లావాదేవీల జాబితాలో తమ చిరునామా కనబడేలా ఏదో చిన్న పంపకం చేసి వదిలేస్తారు. మరోసారి మీరు పాత జాబితా నుంచి చిరునామా కాపీ చేసుకుంటారు. 2024 మే నెలలో ఒకరు ఇలాగే బిట్‌కాయిన్ విలువకు కట్టిన 1,155 నాణేలను, అంటే దాదాపు 6.8 కోట్ల డాలర్లను, మోసగాడికి పంపేశారు. బేరసారాల తర్వాత చాలావరకు తిరిగొచ్చింది. అందరికీ అలా తిరిగిరాదు. కోడ్ రాసేవాళ్లం తెర మీద అందం కోసం చిరునామా మధ్యలో మూడు చుక్కలు పెట్టి కుదిస్తాం. ఆ అలవాటు మానాలని నా గట్టి అభిప్రాయం. కనీసం నొక్కితే మొత్తం కనబడేలా ఉంచాలి.

తమ్ముడి లావాదేవీ ఇథీరియం మీదది కాబట్టి సులువుగా దొరికింది. టెథర్ ఒక్క గొలుసు మీదే లేదు. రుసుము తక్కువని చాలామంది ట్రాన్ అనే గొలుసు మీద పంపుతారు. అక్కడి హ్యాష్ 64 అక్షరాలే, ముందు సున్నా ఎక్స్ ఉండదు. చిరునామాలు టి అక్షరంతో మొదలవుతాయి. దాన్ని తెచ్చి ఈథర్‌స్కాన్‌లో వెతికితే లేదు అంటుంది. లేదు అంటే మోసం అని కాదు, వేరే పుస్తకంలో ఉందని. ట్రాన్‌కి ట్రాన్‌స్కాన్ ఉంది, డెవలపర్లకు ట్రాన్‌వెబ్ అనే లైబ్రరీ ఉంది. అలాగే లైబ్రరీ ఏమీ దొరకలేదని జవాబిస్తే దానికీ ఒకటికి మించిన అర్థాలున్నాయి. ఇంకా బ్లాకులో చేరకపోవచ్చు, రుసుము చాలక వరసలో ఆగిపోయి ఉండొచ్చు, పుట్టించిన నంబరు కావచ్చు. దొరకలేదన్న జవాబుకి వెబ్‌సైట్‌లో ఎర్రక్షరాలతో 'విఫలం' అని రాసిపెట్టడం తప్పు.

లెక్కల విషయంలో ఒక సూక్ష్మం చెప్పాలి. వెబ్ పేజీలు నడిచే జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలకి ఒక హద్దు ఉంది: 9,00,71,99,25,47,40,991. అది దాటిన పూర్ణ సంఖ్యల్లో చివరి అంకెలు నమ్మడానికి లేదు. ఎంత పెద్ద సంఖ్యో అనిపిస్తుంది గానీ వెయ్‌లలో చూస్తే అది 0.009 ఈథర్ మాత్రమే. అంటే కాస్త పెద్ద మొత్తం ఏది వచ్చినా హద్దు దాటేస్తుంది. అందుకని జావాస్క్రిప్ట్‌లో బిగ్‌ఇంట్ అనే పెద్ద సంఖ్యల రకం 2020 ప్రమాణంలో చేరింది. వియెమ్ మొదటి నుంచీ దాన్నే వాడుతుంది, ఈథర్స్ ఆరో వెర్షన్ నుంచి వాడుతోంది. పాత కోడ్‌లో ఈ మార్పు చేసేటప్పుడు ఓపిక కావాలి, ఒక్కచోట పాత రకం మిగిలినా కూడిక ఆగిపోతుంది. ఆగిపోవడమే నయం. తప్పు అంకెతో ముందుకెళ్లడం కంటే.

తేదీ కూడా అంతే. లావాదేవీలో తేదీ ఉండదు. అది చేరిన బ్లాకును విడిగా అడిగితే, 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో చెబుతుంది, అదీ గ్రీనిచ్ కాలమానంలో. మనం అయిదున్నర గంటలు ముందుంటాం. అక్కడ మార్చి 31 రాత్రి ఎనిమిదింటికి పడ్డ సొమ్ము ఇక్కడ ఏప్రిల్ 1 తెల్లవారుజామున ఒంటిగంటన్నరకి పడ్డట్టు. ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. 2022 నుంచి మన దేశంలో క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, అమ్మకాల మీద ఒక శాతం టీడీఎస్ ఉన్నాయి కాబట్టి కూలి ఇలా తీసుకునే కుర్రాళ్లకు ఆడిటర్ ముందు అడిగేది తేదీల పట్టికే.

మరి ఎంతసేపు ఆగితే సొమ్ము మనదని నమ్మొచ్చు? ఇథీరియంలో 12 సెకన్లకొక బ్లాకు పడుతుంది. అప్పుడప్పుడు తాజా బ్లాకు పక్కకి పోయి వేరే బ్లాకు దాని చోట చేరుతుంది. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం కొత్త పద్ధతికి మారాక, దాదాపు 13 నిమిషాలు గడిచిన బ్లాకు ఖాయమైనట్టు లెక్క. బిట్‌కాయిన్‌లో పది నిమిషాలకొకటి చొప్పున ఆరు బ్లాకులు, అంటే గంట ఆగడం ఆనవాయితీ. లైబ్రరీకి ఎన్ని బ్లాకులు గడిచాక చెప్పాలో ముందే చెప్పి ఉంచొచ్చు. టీ డబ్బులకి ఒక్క బ్లాకు చాలు. బండి కొన్న డబ్బులకి ఖాయమయ్యేదాకా ఆగాలి.

ఇక్కడ పాఠకులు ఒక మాట అడగాలి, అడిగితే నాకు సంతోషం. ఎవరినీ నమ్మక్కర్లేదు అంటున్నావు గానీ, ఆ లైబ్రరీని నమ్ముతున్నావు కదా? నిజమే. లైబ్రరీలో ఖాతా పుస్తకం ఉండదు. అది ఏదో ఒక నోడ్‌ని అడుగుతుంది. సొంత నోడ్ నడపాలంటే పెద్ద డిస్కు, ఆగని కరెంటు, ఆగని నెట్ కావాలి. అందుకని చాలామందిమి ఇన్‌ఫ్యూరా, ఆల్కెమీ లాంటి కంపెనీల నోడ్లను అడుగుతాం. 2020 నవంబరు 11న ఇన్‌ఫ్యూరా కొన్ని గంటలు తడబడితే నాణేలు దాచుకునే ఎన్నో వాలెట్లు, అవి కొని అమ్మే ఎక్స్ఛేంజీలు స్తంభించాయి. గొలుసు నడుస్తూనే ఉంది, చూసే కిటికీ మూసుకుపోయింది. అందుకే ఒక నోడ్ పలకకపోతే ఇంకోదాన్ని అడిగే ఏర్పాటు పెట్టుకోవాలి. ఈథర్స్‌లోనూ వియెమ్‌లోనూ అది ఉంది. పెద్ద మొత్తాలకి ఇద్దరిని అడిగి జవాబులు కలిశాయో లేదో చూడటం నా పద్ధతి.

లైబ్రరీయే కల్తీ అయితే? 2024 డిసెంబరు 2న సొలానా అనే వేరే గొలుసు వాళ్ల సొంత వెబ్3.జెఎస్‌లో అదే జరిగింది. దాన్ని ప్రచురించే హక్కున్న ఖాతా దుండగుల చేతిలో పడింది. 1.95.6, 1.95.7 వెర్షన్లలో వాలెట్ల తాళంచెవులు దొంగిలించే కోడ్ పెట్టారు. కొద్ది గంటల్లోనే పట్టుకుని తీసేశారు, కానీ ఆ గంటల్లో దాన్ని తెచ్చుకున్నవాళ్లు నష్టపోయారు. 2025 సెప్టెంబరులో ఇంకా పెద్దది. బ్లాక్‌చెయిన్‌తో సంబంధం లేని, వెబ్ ప్రపంచమంతా వాడే చాక్, డీబగ్ వంటి చిన్న లైబ్రరీల యజమానిని దొంగ మెయిల్‌తో బుట్టలో వేసి, బ్రౌజర్‌లో పంపే చిరునామాను మార్చేసే కోడ్ చొప్పించారు. వెర్షన్ నంబరు బిగించి పెట్టుకోవడం, కొత్తది రాగానే ఎగబడకుండా కొన్ని రోజులు ఆగడం నాకు నియమం. ఇంకో నియమం దీనికంటే ముఖ్యం, అందరికీ వర్తించేది. లావాదేవీని వెతికి చూడటానికి హ్యాష్ ఒక్కటి చాలు. పాస్‌వర్డ్ అక్కర్లేదు, వాలెట్ కలపక్కర్లేదు, వాలెట్ తెరిచే పన్నెండు రహస్య పదాలు అసలే అక్కర్లేదు. చూసిపెడతామని అవి అడిగారంటే వాళ్లు దొంగలే.

2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఈ ప్రాంతంలో చాలామందికి తెలుసు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను తీసుకెళ్లి, నిర్బంధించి, మన వాళ్లనే ఫోన్లలో మోసం చేసే పనిలో పెట్టారు. పెట్టుబడి మోసాల తీరు ఒకటే. యాప్‌లో మీ సొమ్ము పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ అంకె వాళ్ల కంప్యూటర్‌లో వాళ్లు వేసుకున్న అంకె. గొలుసు మీద చూస్తే మీ టెథర్ వెళ్లిన చిరునామా నుంచి ఎప్పుడో ఇంకెక్కడికో దాటిపోయి ఉంటుంది. మా పెదనాన్న వరసయ్యే ఒకాయన సొమ్ము ఇలా దారి మళ్లడం ఆయన పక్కన కూర్చుని నేనే చూపించాల్సి వచ్చింది. "నాకు యాప్‌లో ఉన్నట్టే కనబడతాంది కదమ్మా" అంటారు ఆయన. ఆ మాటకి జవాబు చెప్పడం ఎంత కష్టమో! చేయాల్సింది వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం, హ్యాష్‌లన్నీ వరసగా రాసి ఇవ్వడం. పోలీసులు అడిగితే టెథర్ సంస్థ ఒక చిరునామాలోని టెథర్‌లను స్తంభింపజేయగలదు. సొమ్ము ఇంకా అక్కడ ఉంటేనే.

కనబడటం వేరు, తిరిగి రావడం వేరు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా దోచుకుపోయినప్పుడు ఆ సొమ్ము చిరునామా నుంచి చిరునామాకి కదలడం ప్రపంచమంతా చూసింది. మదుపరులూ చూశారు. చూస్తూ ఉండటం తప్ప అప్పటికి వాళ్లు చేయగలిగిందేమీ లేకపోయింది.

మన రాష్ట్రానికి ఈ విద్య కొత్తది కాదు. 2016 డిసెంబరులో విశాఖలో ఫిన్‌టెక్ వ్యాలీ మొదలైంది. 2017 అక్టోబరులో భూమి రికార్డులను బ్లాక్‌చెయిన్ మీదకు తెచ్చేందుకు స్వీడన్‌కి చెందిన క్రోమావే సంస్థతో రాష్ట్ర ప్రభుత్వం చేయి కలిపింది. అమరావతి భూముల రికార్డుల మీద హైదరాబాద్‌కి చెందిన జెబి పనిచేసింది. తెలంగాణలో చిట్టీల మీద నిఘాకి చిట్‌మాంక్స్ అనే హైదరాబాద్ స్టార్టప్ తయారుచేసిన టీ-చిట్స్ వచ్చింది. 2024 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన విశ్వస్య బ్లాక్‌చెయిన్ ఏర్పాటుకు హైదరాబాద్ ఎన్‌ఐసీ డేటా సెంటర్ కూడా ఒక స్థావరం. ప్రభుత్వాల కోసం కట్టే ఇలాంటి గొలుసులు సాధారణంగా అనుమతి ఉన్నవాళ్ల మధ్య నడిచేవి. నాలాంటిది లైబ్రరీ తెరిచి నేరుగా అడగడానికి వీలుండదు.

నాకు ఇక్కడే పట్టుదల. మా ఇంట్లో ఉన్న భూమి రికార్డు, 1బీ నకలు మీద ఖాతా నంబరు ఉంది, సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది. మా నాన్న వెతికి చూసుకోదగ్గ లావాదేవీ సంఖ్య లేదు. తప్పుగా ఎక్కించిన హద్దును బ్లాక్‌చెయిన్ సరిచేయదు, తప్పును అలాగే కాపాడుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. సర్వే సరిగా జరగాలి, అది మనుషుల పని. కానీ ఎక్కించిన తర్వాత ఎవరూ చాటుగా మార్చలేదని రైతు తనంతట తాను తెలుసుకునే వీలు ఈ గొలుసు ఇవ్వగలదు. దానికి పత్రాన్నీ పేర్లనూ బయటపెట్టక్కర్లేదు. రిజిస్ట్రేషన్ అయిన రోజు దస్తావేజు కంప్యూటర్ ప్రతికి హ్యాష్ తీసి, ఆ హ్యాష్‌ను బహిరంగ గొలుసు మీద రాసి, ఆ లావాదేవీ సంఖ్యను క్యూఆర్ కోడ్‌గా కాగితం మీద అచ్చేస్తే చాలు. మళ్లీ ఎప్పుడైనా ఆఫీసు ఇచ్చే ప్రతికి హ్యాష్ తీసి రెంటినీ పోల్చుకోవచ్చు. ఒక్క కామా మారినా తెలిసిపోతుంది. చదవడానికి కొత్త యంత్రాంగం ఏదీ కట్టక్కర్లేదు, ఇందాకటి నుంచీ చెబుతున్న ఉచిత లైబ్రరీలే సరిపోతాయి. ఒక పేజీ, క్యూఆర్ కోసం ఒక బొత్తాం, తెలుగులో జవాబు: ఫలానా తేదీన నమోదైంది, మీ దగ్గరున్న ప్రతితో సరిపోయింది, లేదా సరిపోలేదు. ఏ శాఖైనా ముందుకొస్తే ఆ పేజీని నేను డబ్బు తీసుకోకుండా రాసిస్తాను, కోడ్ మొత్తం అందరికీ కనబడేలా ఉంచుతాను, మొదటి పరీక్షకి మా నాన్న దస్తావేజునే ఇస్తాను.